నీ వంతు అయిపోయింది

మళ్లీ దాని నక్షత్రమే! శుక్రవారం సాయంత్రం మాత్రలిద్దామని మా అత్తగారి గదిలోకి వెళ్తే, బల్ల మీదున్న కంప్యూటర్ తెర నిండా ఆకుపచ్చగా, నీలంగా విచ్చుకుంటూ ముడుచుకుంటూ అదే. ఆవిడ కుర్చీని దానికేసి తిప్పుకుని, టీ కప్పు చేత్తో పట్టుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తోంది.

"ఎంత ముచ్చటగా ఉందో చూడు పెద్దమ్మాయ్," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మాత్రలు బల్ల మీద పెట్టి, "చూస్తున్నాను లెండి, రోజూ చూస్తూనే ఉన్నాను," అని విసురుగా వచ్చేశాను.

'దాని' అంటే మా తోడికోడలిది, మా మరిది భార్యది. కింద అత్తగారు, నేనూ మా ఆయనా. పైన వాళ్లిద్దరూ. వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే. అంతటితో ఆగినా బాగుండేది. మేమిద్దరం పనిచేసే పరిశోధన సంస్థ కూడా ఒకటే. ముందు చేరింది నేను. పెళ్లయి వచ్చాక అదీ అక్కడే చేరింది. "మీరున్నారన్న ధైర్యంతో చేరానక్కా," అంది. దానికొచ్చిన ఆ ధైర్యం ఏదో నాలోంచే లాక్కున్నట్టుంది, అప్పట్నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

నేను వంతెనల మనిషిని. నదిలో నిలబడ్డ స్తంభం చుట్టూ నీళ్లు సుడి తిరుగుతాయి. ఆ సుడి అడుగునున్న ఇసుకని కొంచెం కొంచెం తోడేస్తుంది. పైనుంచి చూస్తే వంతెన రాయిలా ఉంటుంది, కింద కాళ్లు గాల్లో ఉంటాయి. ఏ వరదకి ఎంత ఇసుక పోతుందో ముందే లెక్కకట్టి చెప్పడం నా పని. అది నక్షత్రాల మనిషి. ఎక్కడో ఎప్పుడో పేలిపోయిన నక్షత్రాలు ఎలా పేలాయో లెక్కకడుతుంది. పేలిపోయాక ఇంక లెక్కలెందుకమ్మా అని నేనంటే, ఇంట్లో అందరూ నన్నే వింతగా చూస్తారు.

ఈ లెక్కలు ఒకటీ అరా కంప్యూటర్లతో తెమిలేవి కావు. అందుకని గ్రిడ్ అని ఒకటుంది. మా సంస్థలో యంత్రాలు, ఇష్టపడి చేరినవాళ్ల ఇళ్లల్లో, ఆఫీసుల్లో యంత్రాలు అన్నీ ఒక్కటిగా కలిసి పనిచేస్తాయి. మీరు పని ముగించుకుని కుర్చీలోంచి లేవగానే, ఖాళీగా ఉన్న మీ కంప్యూటర్ మా లెక్కలోంచి ఒక ముక్క తెచ్చుకుని, చేసి, జవాబు పంపుతుంది. ఒకే ముక్కని ఇద్దరు వేరువేరు మనుషుల యంత్రాలకి పంపుతాం. రెండు జవాబులూ కలిస్తే 'జత పడింది' అంటాం. జత పడని ముక్క పనికిరాదు, పక్కన పడి ఉంటుంది.

ఎవరి లెక్క చేసిపెట్టాలో యంత్రం గలవాళ్ల ఇష్టం. అదిగో, అక్కడే నా కొంప మునిగింది. లెక్క నడుస్తున్నంతసేపూ తెర మీద దాని బొమ్మ ఆడుతుంటుంది కదా, నక్షత్రం పెట్టుకుంటే పువ్వులు విచ్చుకుంటాయి. నాది పెట్టుకుంటే బురద. వట్టి బురద! మట్టిరంగు గీతలు కిందికి జారుతూ ఉంటాయి. ఏ మహానుభావుడు పెట్టుకుంటాడు దాన్ని? నక్షత్రాలకి చేరినవాళ్లు వీధికొకళ్లు. నా బురదకి చేరినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు.

ఇదంతా ఎన్నాళ్లనుంచో ఉన్న మంటే. ఈ వారం దాని మీద కిరసనాయిలు పోసింది మా డైరెక్టర్.

"సోమవారం సమీక్ష ఉంది. అప్పటికి మీ లెక్క మొత్తం జత పడి చేతికి రావాలి. లేకపోతే మీ ప్రాజెక్టు మూసేసి మిమ్మల్ని నక్షత్రాల బృందంలో వేస్తాను. ఎలాగూ ఒకే ఇంటివాళ్లు, సర్దుకుపోవడం తేలిక," అన్నాడాయన, నాకేదో మేలు చేస్తున్నట్టు.

సర్దుకుపోవడమట! ఆ బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? నా తోడికోడలే. పొద్దున వంటింట్లో "అక్కా, కాస్త జరుగుతారా," అనే మనిషి, ఆఫీసుకెళ్లాక నాకు పని పురమాయిస్తుంది. నేను చేసింది బాగుందో లేదో చెబుతుంది. సెలవు కావాలంటే దాన్ని అడుక్కోవాలి. నా వంతెన ఎవరికీ పట్టకుండా బీరువాలో పడి ఉంటుంది. చస్తే ఒప్పుకోను!

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అది నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, సోమవారానికి అందుతుందా? నావైపు నుంచి ఏమైనా..."

"నీవైపుది నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నాకు లోటేం లేదు," అన్నాను.

అది ఇంకేదో చెప్పబోయింది. నేను గ్లాసు ఠక్కున పెట్టి లేచిపోయాను. దాని జాలి ముఖం చూస్తూ అన్నం ఎలా దిగుతుంది?

ఇంటి దగ్గరా అంతే. పొయ్యి మీంచి నా పెద్ద గిన్నె దించి ఇంకోటి ఎక్కించేలోపు, ఆ సందులో తన చిన్న గిన్నె పెట్టేస్తుంది. నేను నోరు తెరిచేలోపు "అయిపోయిందక్కా, తీసేశా," అంటుంది. తిడదామంటే దొరకదు. మా ఆయనతో చెప్పుకుంటే ఆయన నవ్వాడు.

"నువ్వు దానితో వంతులకు పోతున్నావే," అన్నాడు.

"నేనా? వంతులకా? దానితోనా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆయన పేపర్ అడ్డం పెట్టుకున్నాడు.

సరే, మళ్లీ ఆ శుక్రవారం సాయంత్రానికి వస్తాను. అత్తగారి గదికి వెళ్లడానికి కాసేపటి ముందే, ఆఫీసు నుంచి వస్తూ మా మరిది నడిపే కంప్యూటర్ శిక్షణ కేంద్రం ముందు ఆగాను. పిల్లలు క్లాసులు ముగించుకుని వెళ్లిపోయారు. అద్దాల్లోంచి చూస్తే వరసగా ఎన్ని యంత్రాలున్నాయో అన్నింటి మీదా ఆకుపచ్చ నక్షత్రాలే, నన్ను చూసి కన్ను కొడుతున్నట్టు. మరిది దానికి మొగుడు కాబట్టి పెట్టుకున్నాడు, పోనీ అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అత్తగారి గదిలోనూ అదే!

వంటింట్లోకి వెళ్లి అటూ ఇటూ తిరిగాను. ఎంతకీ మనసు ఊరుకోలేదు. నేను ఈ ఇంటికి ముందొచ్చినదాన్ని. ఆవిడ మోకాళ్లకి మందు రాసిందెవరు? ఆవిడకి మెయిల్ చూసుకోవడం నేర్పిందెవరు? ఆ కంప్యూటర్ కొనిపించిందే నేను! వెనక్కి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను. మీ కంప్యూటర్లో నా పని పెట్టుకోవాలని మీకు ఎప్పుడూ అనిపించలేదా?"

ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పకుండానే, "నీ వంతు అయిపోయిందిగా పెద్దమ్మాయ్," అంది.

అంతే. అంత తేలిగ్గా అనేసింది! నాకు తల కొట్టేసినట్టయింది. నా వంతు అయిపోయిందట. నీ రోజులు చెల్లిపోయాయి, ఇప్పుడు చిన్నదాని రోజులు, పక్కకి తప్పుకో అని. డైరెక్టర్ మాటకీ ఆవిడ మాటకీ తేడా ఏముంది? ఇంకొక్క మాట మాట్లాడితే ఏడుపొచ్చేస్తుందని, గబగబా మా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఏడవలేదు. దిండుని మాత్రం నాలుగు గుద్దాను.

శనివారం పొద్దున మా ఆయన అత్తగారిని కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. మరిదీ తోడికోడలూ ఏదో కొనుక్కోడానికి బజారుకెళ్లారు. శిక్షణ కేంద్రానికి సెలవు. దాని తాళం వంటింట్లో మేకుకి వేలాడుతోంది.

ముందు అత్తగారి గదిలోకి వెళ్లాను. శని, ఆదివారాల్లో ఎప్పటిలాగే ఆపేసి ఉన్న కంప్యూటర్ వేసి, గ్రిడ్ ప్రోగ్రాం తెరిస్తే పైన నా తోడికోడలి పేరు. ఆ పేరు చూడగానే నా కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. ఆ పేరు కింద ఏముందో చదివే ఓపిక ఎవరికుంది? ఆ పేరునీ, దాని కిందున్నదాన్నీ మొత్తంగా పీకేసి, నా పేరుతో నా వంతెన పెట్టాను. తరవాత తాళం తీసుకుని శిక్షణ కేంద్రానికి వెళ్లి, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆపేసి ఉన్న ఒక్కో యంత్రం వేసి అదే పని చేశాను. అన్ని తెరల మీదా నా బురద జారడం మొదలుపెట్టింది. ఎంత బాగుందో ఏం చెప్పను! నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడి చూశాను. ఇప్పుడెవరి వంతు అయిపోయిందో చూద్దాం అనుకున్నాను.

సాయంత్రం తోడికోడలు వంటింట్లోకి వచ్చి, నాకేసి ఒకసారి చూసి, నీళ్లు తాగి వెళ్లిపోయింది. పట్టుబడిపోయాననుకున్నాను. కానీ అది ఒక్క మాటా అనలేదు. అనదు కూడా. అంటే నాకు పోట్లాడే అవకాశం వస్తుంది కదా, అదెందుకిస్తుంది?

ఆదివారం పొద్దున్నే సంస్థకి వెళ్లి, నా బల్ల ముందు కూర్చుని లెక్క ఎంతవరకు వచ్చిందో చూశాను. జవాబులు వచ్చి పడుతున్నాయి. కుప్పలుగా పడుతున్నాయి. కానీ జత పడింది? ఒకటో అరో. శుక్రవారం దాకా రోజూ చక్కగా జతలు పడేవి. శనివారం నుంచి దాదాపు అన్నీ ఒంటిముక్కలే. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. అదే.

మా గ్రిడ్‌లో ఎవరి పని ఎప్పుడు నడవాలో చూసే ఆయన్ని మేం క్యూ మాస్టారు అంటాం. ఫోన్ చేసి ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీ గ్రిడ్‌కి ఏం పుట్టింది? రేపు నా సమీక్ష! నా జతలన్నీ ఏమయ్యాయి?"

ఆయన అటువైపు ఏవో చూసుకుని, "గ్రిడ్‌కి ఏం పుట్టలేదు మేడమ్. ఇటు మీ బల్ల దగ్గర యంత్రాలు మీ పేరుతో. అటు కొత్తగా చేరిన యంత్రాలూ మీ పేరుతోనే. మీరు చెప్పిన జవాబుకి మీరే సాక్ష్యం అంటే ఎలా కుదురుతుంది? ఆ నియమం పెట్టిన కమిటీలో మీరూ ఉన్నారు," అన్నాడు.

నాకు తెలియక కాదు. కొత్తగా చేరినవాళ్లకి ఈ నియమం గురించి పాఠం చెప్పేదే నేను! ఆ శనివారం నా బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టానో.

"మరి ఇన్నాళ్లూ జత ఎవరి పేరుతో పడేది?" అన్నాను.

"మీకు తెలీదా? మీ తోడికోడలిగారి పేరుతో. ఇంట్లో యంత్రమొకటి, శిక్షణ కేంద్రంలోవి మొత్తం. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మీ వంతెన. సాయంత్రం నుంచి రాత్రి యంత్రాలు ఆపేసేదాకా ఆవిడ నక్షత్రం. వంతులు పెట్టుకున్నారుగా మేడమ్. మీరిద్దరూ మాట్లాడుకునే చేశారనుకున్నాను."

ఫోన్ పెట్టేశాక ఒక్కొక్కటే అర్థమైంది. పగలంతా నేను ఆఫీసులో ఉంటాను. నేను ఇల్లు చేరేసరికి దాని వంతు మొదలవుతుంది. అందుకే నా కళ్లకి ఎప్పుడూ నక్షత్రమే కనబడింది. 'నీ వంతు అయిపోయిందిగా' అంటే, ఆ రోజుకి అయిపోయిందని! పాపం ఆ ముసలావిడ ఉన్నమాట చెప్పింది. నేను దిండుని గుద్దాను.

సిగ్గుపడ్డానని అనుకుంటున్నారేమో. ముందు కోపం వచ్చింది. నాకు వంతు వేసి పెట్టడానికి ఇదెవరు? నేనడిగానా? అందులోనూ పెద్ద వంతు నాకిచ్చి చిన్నది తనుంచుకోవడం! కుళ్లుకోడానికి నాకిన్ని కారణాలున్నాయనుకుంటే, మంచితనంలో కూడా అదే ముందుండాలా?

కానీ కోపంతో జతలు పడవు కదా. దాని పేరు మళ్లీ ఎక్కించాలంటే దాని పాస్‌వర్డ్ కావాలి. అంటే నేను వెళ్లి దాన్ని అడగాలి.

ఇంటికెళ్లేసరికి వంటింట్లో ఉంది. నా గిన్నె లేకపోయినా, పొయ్యి మీద తన చిన్న గిన్నె ఒక మూలకి పెట్టుకుని గరిటె తిప్పుతోంది. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక, మేకుకున్న తాళం తీశాను, మళ్లీ పెట్టాను, మళ్లీ తీశాను.

"నిన్న సాయంత్రమే చూశానక్కా," అంది అది, వెనక్కి తిరక్కుండానే.

"చూసి నన్నడగలేదేం?"

"మీరే వస్తారనుకున్నాను."

"వచ్చాను. నీ పాస్‌వర్డ్ కావాలి. నువ్వు లేకపోతే నా జత పడదు," అనేశాను, చేదు మందు ఒక్క గుక్కలో మింగినట్టు. ఆ తరవాత ఆగలేకపోయాను. "అయినా నాకు దానం చెయ్యమని నిన్నెవరడిగారు? చాటుగా చేసి, రేపు అందరిముందూ 'పాపం మా అక్కకి నేనే' అని చెప్పుకుందామనా?"

అది పొయ్యి ఆపేసి నాకేసి తిరిగింది. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ మనిషికి కోపం రావడం నేను మొదటిసారి చూశాను.

"దానమా? మీమీద కుళ్లుతో చచ్చిపోతున్నానక్కా నేను! నేను ఇంట్లో ఉండి పనిచేసే రోజుల్లో చూస్తాగా. పగలు ఎవరొచ్చినా అత్తయ్య వాళ్లని గదిలోకి తీసుకెళ్లి మీ బురద చూపిస్తుంది. 'ఇది మా పెద్దమ్మాయి లెక్క. ఇది తేలితే వంతెన పడదు, జనం నడుస్తారు' అంటుంది. ఒకసారి ఎవరో నా నక్షత్రం ఏమిటని అడిగారు. ఏమందో తెలుసా? 'అదా, అది బొమ్మ' అంది!"

"బొమ్మా?" అన్నాను.

"క్యాంటీన్‌లో చెబుదామని వస్తే లేచిపోయారు. డైరెక్టర్ మిమ్మల్ని నా కింద వేస్తానన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. మీరొచ్చి నా ముందు నిలబడి 'సరే మేడమ్' అంటే నేనేమైపోవాలి? నేను మీమీద ఇలా కుళ్లుకుంటూ ఉండాలంటే మీరు మీ వంతెన దగ్గరే ఉండాలక్కా. అందుకని ఇచ్చాను. అంతే. మీ మీద ప్రేమతో కాదు."

"ఓసి నీ..." అన్నాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలీదు.

ఇద్దరం తాళం తీసుకుని శిక్షణ కేంద్రానికి వెళ్లాం. అది ఒక్కో యంత్రం ముందూ కూర్చుని తన పేరు ఎక్కించుకుంటూ పోయింది. నేను వెనక నిలబడ్డాను. ఎక్కించాక ఆగి, ఖాళీగా ఉన్న తన నక్షత్రాల వరస చూసింది. అప్పుడు తట్టింది నాకు. నా ముక్కలు చిన్నవి, ఇట్టే అయిపోతాయి. నక్షత్రం ముక్క ఒక్కోటి వారాల తరబడి ఉడుకుతుంది. సగం ఉడికినవన్నీ నేను శనివారం ఒక్క మీటతో పారబోశాను.

"అన్నీ పోయాయా?" అన్నాను.

"మళ్లీ మొదట్నుంచి," అంది. తరవాత సాయంత్రం వంతు కూడా తీసేసి, పగలూ రాత్రీ నా వంతెనే నడిచేలా మార్చి, చేతులు దులుపుకుని లేచింది. "ఇంట్లోదీ ఇలాగే మారుస్తాను. రేపటి దాకా ఉంచుకోండి," అంది.

సోమవారం సమీక్ష మొదలయ్యేసరికి ఆఖరి ముక్కకి కూడా జత పడింది. డైరెక్టర్ నా లెక్కని తిరగేసి మరగేసి చూసి, "మరి నక్షత్రాల బృందం సంగతి అక్కర్లేదన్నమాట," అన్నాడు.

"అక్కర్లేదు. ఆవిడకి నేను అక్కడ సరిపడను," అన్నాను.

నా బల్ల దగ్గరికి వచ్చి, నా పేరుతో ఉన్న యంత్రాలన్నింటిలో, నా వంతెన తరవాతి వంతుగా నక్షత్రం పెట్టాను. దాని జవాబుకి ఇక సాక్షిని నేను. చూడు మరి, మంచితనంలో నువ్వొక్కదానివేనా?

సాయంత్రం ఇంటికెళ్లి అత్తగారి గదిలో అడుగుపెడితే, ఇంకా బురదే జారుతోంది. ఆవిడ చల్లారిపోయిన టీ కప్పు పట్టుకుని చిరాగ్గా కూర్చుంది.

"ఏంటే పెద్దమ్మాయ్, మొన్నట్నుంచీ ఇదే! చీకటి పడ్డాక కూడానా? నా బొమ్మ ఏదీ?"

గుమ్మం అవతల మెట్ల మీద దాని అడుగుల చప్పుడు ఆగింది. వింటోందని నాకు తెలుసు.

"అది బొమ్మ కాదత్తయ్యా, నక్షత్రం. మా చిన్నమ్మాయి లెక్క," అన్నాను గట్టిగా. కుర్చీ పక్కకి లాగి, తోడికోడల్ని లోపలికి పిలిచి, కీబోర్డు దాని ముందుకి తోశాను. "కూర్చో. నా వంతు అయిపోయింది."